ఓస్ట్‌హైమ్ గారి ఆస్తి

కింది వాటాలో ఉండే శ్రీమతి కెస్లర్ అన్నదట, రొట్టెల కొట్టావిడ కేకు పొట్లం కడుతూ చెప్పింది, ఆ గుద్రున్ ఆదివారమైతే చాలు ప్లమ్ పళ్ళ కేకు పట్టుకుని ముసలి ప్రొఫెసర్ ఓస్ట్‌హైమ్ ఇంటికి ఊరికే పోతుందా, ఆయనకి పెళ్ళామా పిల్లలా, ఆస్తి మీదే కన్నంతా అని, ట్రాములో పొట్లం ఒళ్ళో పెట్టుకుని గుద్రున్ ఆ మాటకి నవ్వబోయింది, నవ్వు సగంలోనే ఆగిపోయింది, ఎందుకంటే ఇవాళ తను పోయేది నిజంగా ఆస్తి లాక్కోవడానికే, ఓస్ట్‌హైమ్ గారికి లోకంలో ఉన్నదల్లా ఒక్క పదార్థం, పడుచుతనంలో ఆయన చేతుల్లో పుట్టిన పసుపుపచ్చని సూదుల్లాంటి స్ఫటికాలు, పెద్ద పుస్తకంలో వాటికో చోటు, పక్కన ఆయన పేరు, ఆ పుస్తకానికి రాసే సంపాదకుల్లో తనొకతె, ఎంత పుస్తకమది, గోడ పొడవునా నిలబడ్డ సంపుటాలు, ఏ ఊళ్ళో ఎవరు ఏ కర్బన పదార్థాన్ని కాచి వడగట్టి ఎండబెట్టినా అందులోకి రావలసిందే, పేరు తెలియకపోయినా ఫరవాలేదు, అణువు ఆకారం గీస్తే చాలు, ఇదిగో ఈ పేజీ అని వేలు పెట్టి చూపించవచ్చు, గొప్పవాడు చేశాడని ముందుకు జరగదు, అనామకుడు చేశాడని వెనక్కి పోదు, ఆకారాన్ని బట్టే చోటు,

ఆ ఆకారమే తప్పింది, ఒసాకా నుంచి వచ్చిన వ్యాసం తన బల్ల మీదకే రావాలా, ఆ పసుపు స్ఫటికాల్నే వాళ్ళు కొత్త యంత్రంలో పెట్టి చూశారట, వలయంలో పరమాణువులు ఆరు కాదు, అయిదే, ఆరోది బయట వేలాడుతోంది, అంటే పదార్థం వేరే సంపుటానికి పోవాలి, ఆయన చోటు ఖాళీ, పక్క బల్ల హార్ట్‌మూట్, తనలాగే వాడూ ఆయన శిష్యుడే, వచ్చే నెల ఆయన ఎనభయ్యో పుట్టినరోజు గదే, ఆ మార్పు చీటీ తర్వాతి సంపుటానికి తోసెయ్యి, ఎవడు చూడొచ్చాడు అన్నాడు, గుద్రున్ కలం ఆగింది కూడా, అప్పుడే చెవిలో ఓస్ట్‌హైమ్ గారి పాత గొంతు, చదువుకునే రోజుల్లో తను పుస్తకంలో ఉన్న అంకెకి సరిపోయేలా ద్రవీభవన స్థానాన్ని ఒక డిగ్రీ జరిపి రాస్తే, పుస్తకం సంగతి నాకెందుకమ్మాయ్, నీ గొట్టంలో ఎంతకి కరిగిందో అది చెప్పు అని అందరిముందూ అరిచిన గొంతు, చీటీ రాసేసింది,

రాయడం తేలిక, చెప్పడమే కష్టం, ట్రాము దిగి ఆయనింట్లో కూర్చుని, కాఫీ పోస్తున్న ఆయన చెయ్యి చూస్తూ గబగబా చెప్పేసింది, వలయం అయిదేనటండీ, మీ పాత చోట ఒక్క వాక్యమే మిగులుతుంది, ఫలానా సంపుటంలో చూడండి అని, ఆయన కేకు మీంచి రాలిన చక్కెరలో వేలితో ఆరు మూలల వలయం గీశారు, ఒక మూల చెరిపారు, అయిదు చేశారు, వాళ్ళకెంతకి కరిగిందట అన్నారు, నూట నలభై మూడు డిగ్రీలకండీ, నాకూ అంతేగా, అంతేనండీ, కొత్త చోట మీ అంకే ముందుంటుంది, మీ పేరుతోనే, అంటుంటే గుద్రున్‌కి తట్టింది, తను లాక్కున్నదేమీ లేదు, ఆయన ఊహ ఒక్కటే తప్పింది, చెయ్యి తప్పలేదు, చేతి పనిని ఆ పుస్తకం ఒక్క డిగ్రీ కూడా పోనివ్వలేదు, గుండె తేలికపడి నోరు జారింది, హార్ట్‌మూట్ మీ పుట్టినరోజు దాటేదాకా ఆపమన్నాడండీ,

ఆయన కేకు కోస్తూ, తలెత్తకుండా, అయితే వాణ్ణి పుట్టినరోజుకి పిలవకు, అన్నారు.