ఆకురాయి తగలని గింజలు

గింజను వేళ్ల మధ్య బిగించి, బొడ్డు ఎటున్నదో గోటితో తడిమి, దానికి ఎదురువైపున ఆకురాయి ఆనించబోయాడు ఆ ముసలి పనివాడు. ఆకురాయి ఆనలేదు. గింజ పక్కన గాలిలో వణికింది. ఎవరైనా చూశారేమోనని ఆయన తలుపు వైపు చూశాడు.

ఎడతెగని వానల అడవిలో పుట్టిన గింజలవి. మహావృక్షాల నీడలో, రాతివంటి పెంకులో, ఏళ్ల తరబడి నిద్రపోతాయి. ఏ చెట్టో కూలి, ఎండ నేలకు దిగి, పెంకు బీటవారేదాకా వాటికి తొందర లేదు. ఈ నర్సరీలో ఆ పని ఆకురాయిది. పెంకు మీద సన్నని గీటు పడితే చాలు, నీరు లోపలికి దిగుతుంది. గీటు బొడ్డు వైపు జారిందా, లోపలి మొలక చచ్చిపోతుంది. యౌవనం నుంచి ఆయన చేసినది ఈ పని ఒక్కటే.

చేతుల వణుకు మొదలైన రోజుల్లోనే గాలివానకు కూలిన ఒక చెట్టు గింజలు వచ్చాయి. ఆ జాతిలో ఎరిగినంతవరకు అదే చివరి చెట్టు. నర్సరీ అధికారిణి ఆ సంచిని ఆయన చేతిలోనే పెట్టింది. ఆయన తలుపు వేసుకొని కూర్చున్నాడు గాని, ఒక్క గింజకూ ఆకురాయి తాకించే ధైర్యం చాలలేదు. చివరికి వాటిని ఉన్నవున్నట్లే ఇసుక తట్టలో పాతిపెట్టి, అరగదీశానని చెప్పాడు.

అది జరిగి నెలలు దాటింది. ఇప్పుడు, తట్టలకు నీళ్లు పట్టే కోడలు గుమ్మంలో నిలబడింది.

“గడ్డం గీసుకున్నావా మావయ్యా, పిల్లితో పోట్లాడావా?”

“బ్లేడు మొండిది.”

“మొండిదైతే తెగదుగా. సరేలే. ఆ చివరి చెట్టు తట్ట ఖాళీ చేయమన్నారు మేడమ్. ఒక్కటీ మొలవలేదు, చచ్చిన గింజలట. బూజు పట్టకముందే కాల్చేయమన్నారు.”

ఆయన ఆకురాయి బల్ల మీద పెట్టాడు. నోరు మూసుకుంటే తప్పు ఆ చెట్టు మీదికి పోతుంది. నోరు తెరిస్తే ఇకపై ఎవరూ ఈ బల్ల ముందు కూర్చోనివ్వరు. ఈ బల్ల లేని పగలు ఎలా గడుస్తుందో ఆయన ఎరగడు.

కోడలి వెంట ఆయన పెరట్లోకి వచ్చేసరికి చెత్తమంట అప్పటికే రాజుకుంది. కోడలు తట్టను జల్లెడలో బోర్లించింది. ఇసుక రాలిపోయి, గింజలు నిన్న రాలినంత నల్లగా, నిగనిగలాడుతూ మిగిలాయి. మంట పక్కన నిలబడిన అధికారిణి వాటిని అందులో వేయడానికి జల్లెడ అందుకుంది.

“ఆగండమ్మా.” ఆ గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. “అవి చావలేదు. నేను అరగదీయలేదు.” చేతులు చాచాడు. అవే మిగతాది చెప్పాయి.

ఆమె ఆ చేతుల వంక చూసింది.

“అప్పుడే చెప్పొచ్చుగా, పెద్దాయనా.”

“భయమేసిందమ్మా.”

ఆమె జల్లెడను కోడలి చేతికిచ్చింది.

గదిలో కోడలు బల్ల ముందు కూర్చుంది. ఆయన బొటనవేలి తోలు తొడుగు తీసి ఇచ్చాడు. అది ఆమెకు వదులైంది; పక్కన పెట్టి గుడ్డ చుట్టుకుంది. ఆమె పక్కనే గోడకు చేరగిలబడి, ఆయన ఒక్కొక్క గింజ మీద వేలు పెట్టి చూపసాగాడు.

“ఇటు కాదు. ఇటు.”

“కళ్లున్నాయి మావయ్యా నాకు.”

కాసేపటికి వేలు రాలేదు.

“ఇదీ ఇంతేనా మావయ్యా?” తల ఎత్తకుండానే అడిగింది. మళ్లీ అడిగింది. ఆకురాయి ఆగిపోయింది. తల ఎత్తి చూస్తే, గోడకు ఆనిన ఆయన తల పక్కకు వాలి ఉంది, ఊపిరి లేదు. చేతిలోని గింజకు గీటు ఎటు పడిందో చూడడానికి కూడా ఆమెకు భయమేసింది.

ఆయనను మోసుకుపోయాక గది ఖాళీ అయింది. బల్ల మీద తోలు తొడుగు, ఆకురాయి ఒరిపిడికి ఒక పక్క పల్చబడి, లోపల వేలున్నంత గుండ్రంగా నిలబడి ఉంది.