బిగించిన మర

నా స్టోరులోంచి ఒక్క మేకు బయటికి వెళ్లినా నాకు తెలుస్తుంది. ఇది గొప్పకు చెప్పడం లేదు. మాదాపూర్‌లో ఆ ఎనిమిదంతస్తుల ఆఫీసు బిల్డింగు పని మొదలైనప్పటి నుంచి రెండేళ్లు స్టోరు తాళంచెవి నా మొలతాడుకే ఉండేది, స్నానం చేసేటప్పుడు కూడా. మనుషుల్ని నమ్మితే సామాను మిగలదని నా అభిప్రాయం. గేటు వాచ్‌మన్‌ని అనుమానించాను, సిమెంటు లారీ డ్రైవర్లను అనుమానించాను, టీ తాగడానికి వచ్చిన సొంత బావమరిది సంచీ కూడా విప్పించాను. వాడు రెండు నెలలు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానె, నా పానాలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు.

నా పేరు రాజయ్య. ఊరు ఖానామెట్. అక్కడి నుంచి సైటుకు అడ్డదారిన నడిస్తే పావుగంట. చదివింది నాలుగో తరగతి. వ్యవసాయం చేసిన రోజుల్లో చుట్టుపక్కల ఏ బావి మీద ఆయిల్ ఇంజను మొరాయించినా నాకే కబురు వచ్చేది. ఇనుముతో చేసింది ఏదైనా సరే, చేతికిస్తే దాని కడుపులో ఏముందో చెప్పేస్తాను. చెక్కకు బెజ్జాలు వేయడానికి మా తాత వాడిన బర్మా, చెక్కడానికి వాడిన బాడిస ఇంకా నా దగ్గరున్నాయి. వాటి మీద ఎంత ప్రేమో, కొత్తగా దిగిన మట్టి తవ్వే పొక్లెయినర్ మీదా అంతే ప్రేమ. పాతదాన్ని పొగుడుతూ కొత్తదాన్ని తిట్టేవాళ్లన్నా, కొత్తది రాగానే పాతదాన్ని పాత సామాన్లవాడి తక్కెట్లో వేసేవాళ్లన్నా నాకు ఒళ్లు మంట. పనిచేసేదే పనిముట్టు, అంతే.

ఇంజనీరు రామబ్రహ్మం గారిది తెనాలి వైపు. మంచివాడే, కాకపోతే తొందర మనిషి. తొంభై ఎనిమిది వానాకాలంలో ఆయన ఒక లెవెల్ మిషను తెప్పించాడు. మూడు కాళ్ల స్టాండు మీద కూర్చునే చిన్న దుర్భిణి అది. అంతకుముందు నేల సమంగా ఉందో లేదో చూడాలంటే నీళ్లు నింపిన ప్లాస్టిక్ పైపు పట్టుకుని ఇద్దరు మనుషులు పొద్దస్తమానం తిరిగేవారు.

"చూస్తావా రాజయ్యా?" అన్నారాయన.

కన్ను పెట్టాను. ఎక్కడో అవతలి చివర నిలబెట్టిన కొలకర్ర మీది అంకెలు అరచేతిలో ఉన్నట్టు కనిపించాయి. వాటి మీదుగా సన్నటి అడ్డగీత. ఆ గీత ఏ అంకె మీద పడితే దాన్నిబట్టి అక్కడి ఎత్తు తెలుస్తుంది. ఓరి నీ అనుకున్నాను. ఇంటికి పోయి అన్నం తింటున్నంతసేపూ దాని సంగతే చెప్పాను.

"పెండ్లి సూపులకు పోయొచ్చినట్టు చెప్తున్నవేందయ్యా?" అంది మా ఆవిడ బుచ్చమ్మ. నిజమే, నాకు అలాగే ఉంది.

ఆ కొలకర్ర పట్టుకునేది భూలక్ష్మి. పాలమూరు నుంచి కూలికి వచ్చిన గుంపులో మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. మొదట్లో అందరితో పాటు కాంక్రీటు తట్టలు మోసేది. ఒకసారి ర్యాంపు మీద జారిపడితే మెడ నరం దెబ్బతింది. ఇక నెత్తిన బరువు పెడితే చెయ్యి పడిపోతుందని దవాఖానలో చెప్పారు. అప్పుడు రామబ్రహ్మం గారు జాలిపడి కర్ర చేతికిచ్చారు. ఎండలో గంటసేపైనా కదలకుండా పట్టుకునేది. అంకెలు కూడా నేర్చుకుంది. సైటులో ఆమె చేయగలిగిన పని అదొక్కటే. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

నాకు మాత్రం ఆమె మీద మొదటి నుంచీ అనుమానమే. కారణం ఏమంటే, ఆ మిషను వంక అదేపనిగా చూసేది. సారు దాన్ని పెట్టెలోంచి తీస్తుంటే చూసేది, సర్దుతుంటే చూసేది, ఏదో ఒకటి అడిగేది. నేను చూస్తే అది ఇష్టం, ఆమె చూస్తే దొంగచూపు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అప్పుడైతే లేదు.

దసరా వచ్చింది. సారు మూడు రోజులు సెలవు పెట్టి తెనాలి వెళ్లారు. ఆయుధ పూజ నా చేతుల మీద జరగాల్సిందే. ముందు రోజే స్టోరంతా ఖాళీ చేసి, గునపాలు, పారలు, తాపీలు, రసమట్టాలు, కాంక్రీటు వైబ్రేటర్లు వరసగా పేర్చాను. కడగాల్సినవి కడిగాను, పసుపూ కుంకుమా పెట్టాను. లెవెల్ మిషనుకు నీళ్లు తగలనివ్వలేదు, నాకు ఆమాత్రం తెలుసు. మెత్తటి పంచెగుడ్డతో తుడిచాను. మూతలు తీసి, తిప్పి బిగించే మరల దగ్గర చుక్క చుక్క ఆముదం వేశాను. ఎక్కడ వదులు తగిలితే అక్కడ బిగించాను. ఇంటి నుంచి తెచ్చుకున్న మా తాత బర్మా పక్కన దాన్ని కూర్చోబెట్టి, రెండింటికీ బొట్టు పెట్టాను. కళ్లు నిండిపోయాయంటే నమ్మండి.

అప్పుడే కిటికీలో ఎవరిదో తల కనిపించింది. భూలక్ష్మి.

"ఏంది?" అన్నాను.

"ఏం లే రాజన్నా. ఆ మిషన్‌ది..."

"మిషన్‌తోని నీకేం పని? సామాన్ల కాడ నీకేం పని? నడువ్ ఈడికెల్లి!"

ఆమె ఇంకా ఏదో అనబోయింది. కిటికీ రెక్కలు మూసి గడియ పెట్టేశాను.

పండగ అయ్యాక సారు వచ్చారు, మూడో అంతస్తు స్లాబు పోశారు. పోసిన మర్నాడు దాని మీద సిమెంటు గట్లు కట్టి నీళ్లు నిలపాలి, లేకపోతే ఎండకు పగుళ్లిస్తుంది. నీళ్లు నిలిపారు. మెట్ల వైపు ఒక్క వేలి మందమే లోతు. రోడ్డు వైపు చివర మూడు వేళ్లు. నలభై అడుగుల మేర స్లాబు మొత్తం అటు వాలి ఉంది. హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్ద ఇంజనీరు ఆ నీళ్లలో చెప్పులతో సహా దిగి చూసి వెళ్లిపోయాడు. రామబ్రహ్మం గారు పరుగున నా దగ్గరికి వచ్చారు.

"ఏమిటయ్యా ఇది? మిషన్లో చూసిందీ నేనే, అంకెలు రాసుకున్నదీ నేనే. ఎక్కడ తేడా కొట్టింది?" అన్నారు నాతో.

"మిషన్ తప్పు చెప్పదు సారు. కర్ర పట్టినోళ్లను అడుగుండ్రి."

"భూలక్ష్మినా? ఆ అమ్మాయి కదలనే కదలదు కదా."

"పండుగ ముందుదినం స్టోర్ కిటికీల తలకాయ పెట్టి మిషన్ దిక్కే చూసింది సారు. నేను గదిమితే పోయింది. ఆమె మన్సుల ఏమున్నదో ఎవలకెరుక?"

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. నేను చూసిందే చెప్పాను. సారు ఆమెను పిలిపించి అడిగారు.

"నేను మిషన్ ముట్టలే సారు. కర్ర నిలువుగనే పట్టిన" అంది. తర్వాత నా వైపు తిరిగి, నా కళ్లలోకే చూస్తూ నిలబడింది. అంత ధైర్యంగా చూస్తోందంటే ఏదో ఉందని నా అనుమానం ఇంకా గట్టిపడింది. ఆ మధ్యాహ్నమే ఆమెను పనిలోంచి తీసేశారు. పని లేనివాళ్లకు సైటులో గుడిసె ఉండదు. మూట కట్టుకుని గచ్చిబౌలి వైపు ఇంకో సైటుకు పోయిందనీ, అక్కడ తట్టలు మోస్తోందనీ రెండు రోజులకు తెలిసింది.

కర్ర పట్టే పని మేస్త్రీ ఎల్లేశానికి ఇచ్చారు. నాలుగో అంతస్తుకు సెంట్రింగు మొదలైంది. ఎల్లేశం మీదా నాకు అనుమానమే. వాడికి బీడీ మీద ఉన్న ధ్యాస కర్ర మీద ఉండదు. వాణ్ని పట్టుకోవాలని ఒకరోజు సారు లింగంపల్లి వెళ్లినప్పుడు నా పాత నీళ్ల పైపు బయటికి తీశాను. మెట్ల పక్క స్తంభానికీ, రోడ్డు పక్క స్తంభానికీ నీటి మట్టం చూసి బొగ్గుతో గుర్తులు పెట్టాను. తర్వాత మెట్ల పక్కన మిషను పెట్టి, ఎల్లేశాన్ని ఆ గుర్తుల దగ్గర కర్ర పట్టమన్నాను.

రెండు వేళ్ల తేడా వచ్చింది.

"సక్కగ పట్టురా!" అని అరిచాను.

"సక్కగనే పట్టిన కాకా. కర్రకున్న బుడగ చూస్కో, నడిమిట్లనే ఉన్నది."

వెళ్లి చూశాను. కర్ర నిలువుగా ఉందో లేదో చూపే ఆ నీటిబుడగ మధ్యలోనే ఉంది. మళ్లీ పట్టించాను. అదే తేడా. నాలుగుసార్లు పట్టించాను, వాడు నన్ను తిట్టుకుంటూనే పట్టాడు. నాకు పంతం వచ్చింది. మిషను తీసుకెళ్లి రెండు స్తంభాలకూ సరిగ్గా నడుమ పెట్టాను. ఇప్పుడు రెండు గుర్తులూ ఒక్కటే మట్టం. మళ్లీ పక్కకు జరిపాను, మళ్లీ తేడా. మనిషి తప్పయితే నడుమ పెట్టినా తప్పే రావాలి. నడుమ నుంచి రెండు దిక్కులా సమానంగా తప్పి సరిపోతోంది, పక్కకు జరిపితే దగ్గరికి కొంచెం, దూరానికి ఎక్కువ తప్పుతోందంటే మిషను చూపే వంకర.

కన్ను పెట్టే చోటు కింద చిన్న మూత ఉంటుంది. తిప్పి తీశాను. లోపల బియ్యపుగింజంత మర. దాని చుట్టూ తడితడిగా మెరుస్తోంది. వాసన చూశాను. ఆముదం.

దసరా ముందు రోజు ఈ మర నా చేతికి వదులుగా తగిలింది. అయ్యో, ఎవరూ చూసుకోలేదని ముప్పావు చుట్టు బిగించాను. అది వదులైంది కాదు. గీతను సరైన చోట నిలపడానికి కంపెనీవాడు అక్కడికి తిప్పి వదిలిన మర అది. దొంగను పట్టుకుందామని బయల్దేరి నా చెయ్యే పట్టుకున్నాను. స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయాను.

"ఏమైంది కాకా?" అన్నాడు ఎల్లేశం.

"ఏం కాలే. నువ్ పో."

ఆ సాయంత్రమే గచ్చిబౌలి పోయాను. భూలక్ష్మి తట్టతో ర్యాంపు ఎక్కుతోంది. ఒక చెయ్యి తట్ట మీద, ఇంకో చెయ్యి మెడ వెనక. దిగి వచ్చేదాకా ఆగి, పక్కకు పిలిచి, జరిగింది మొత్తం చెప్పాను. నా జన్మలో ఒకరి ముందు తలొంచింది అదే మొదలు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "సారుకు చెప్పినవా?"

"లే. ముందుగాల నీకు చెప్దామని..."

"నాకు చెప్తే ఏమొస్తది? నా నెత్తి మీది తట్ట దిగుతదా?" అంది. "నువ్వు ఆ మూత తీస్తుంటే నేను కిటికీలకెల్లి చూసిన. అది తియ్యొద్దని సారు ఎప్పుడో చెప్పిండు నాకు. ఆ సంగతే చెప్పనీకె వచ్చిన. నువ్వు కిటికీ మూసినవ్."

"మరి సారుతోని ఎందుకు చెప్పలే?"

"చెప్పకేం! మూట కట్టుకుని పోతా పోతా చెప్పిన. రాజయ్య మిషన్ పాడుచేస్తడా, నీ తప్పు ఆయన మీదికి తోస్తవా అని నన్నే తిట్టిండు."

అక్కడి మేస్త్రీ కేకేశాడు. ఆమె తట్ట ఎత్తుకుని మళ్లీ ర్యాంపు ఎక్కింది.

మర్నాడు పొద్దున హాజరు వేసే వేళకు కూలీలందరూ గేటు దగ్గర నిలబడి ఉన్నారు. సారు చేతిలో చాయ్ గ్లాసు. "మిషన్ మర తిప్పింది నేనే సారు. భూలక్ష్మి తప్పేం లేదు" అన్నాను, అందరికీ వినపడేటట్టు.

ఆయన నవ్వారు. "ఆ అమ్మాయి మీద జాలిపడి నీ నెత్తిన వేసుకుంటున్నావా? ఊరుకోవయ్యా."

నిజం కానిది చెప్పినప్పుడు చిటికెలో నమ్మిన మనిషి, నిజం చెబితే నవ్వుతున్నాడు. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. మిషను తెచ్చి స్టాండు మీద పెట్టి, ఆయన్ను కన్ను పెట్టమని, ఆ మర కాస్త తిప్పాను. లోపల గీత జరిగింది. ఇంకాస్త తిప్పాను. ఇంకాస్త జరిగింది. సారు చాయ్ గ్లాసు కింద పెట్టి మళ్లీ కన్ను పెట్టారు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నీ మాట మీదే పంపేశానయ్యా" అన్నారు. "వెళ్లి తీసుకురా."

మధ్యాహ్నానికి ఆమె వచ్చింది, గేటు బయటే ఆగిపోయింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"కర్ర పట్టుకుంటావా? ఇదివరకటి లాగే" అన్నారు సారు.

"పట్టుకుంట సారు. గని స్టోర్ తాళంచెవి రాజన్న తాన ఉంటే నేను లోపలికి రాను. రేపు ఇంకొకటి ఏమన్న అయితే, మళ్ల నా మీదికే వస్తది."

అందరూ నా వైపు చూశారు. నాకు కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు, చాలా కోపం వచ్చింది. తప్పు ఒప్పుకున్నాను కదా, తీసుకొచ్చాను కదా, ఇంకేం కావాలి దీనికి అని నోటిదాకా వచ్చింది. అంతలో, నేను ఆమె చోట గేటు బయట నిలబడి ఉంటే ఏమనేవాణ్ని అని తోచింది. అదే అనేవాణ్ని. ఇంకా గట్టిగా అనేవాణ్ని.

మొలతాడు ముడి రెండేళ్ల చెమటకు బిగుసుకుపోయి రాలేదు. ఎల్లేశం చాకు ఇచ్చాడు. దారం కోసి తాళంచెవి సారు చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తీసుకుని, "అయితే నీ దగ్గరే ఉంచుకో" అని భూలక్ష్మికి ఇచ్చారు.

ఆమె నా వంక చూడకుండా, గేటు వాచ్‌మన్‌తో ఏదో చెప్పి, లోపలికి నడిచి స్టోరు తలుపు తీసింది. నేను తువ్వాలు దులుపుకుని ఇంటికి బయల్దేరాను. గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏందిరా?" అన్నాను.

"సామాను మొత్తం చూసుకునేదాక నిన్ను పోనియ్యొద్దని చెప్పింది" అన్నాడు వాడు, నేల చూపులు చూస్తూ.

కంకర కుప్ప మీద కూర్చున్నాను. లోపల ఆమె ఒక్కొక్కటీ పైకే లెక్కపెడుతోంది.