పెద్దల్లుడి బండి

జీవరత్నం జీపు కొన్న దగ్గర నుంచి బాబూరావుకు నెలలో మొదటి ఆదివారం గడవడం కష్టమైపోయింది. ఆ రోజు నరసరావుపేట చర్చిలో ప్రభువు బల్ల, రొట్టే ద్రాక్షరసమూ పంచే ఆరాధన. క్రోసూరులో బయలుదేరిన జీపు దారిలో ముప్పాళ్ళలో ఆగి, అత్తగారు పున్నమ్మను ఎక్కించుకుని, మొదటి గంట కొట్టే వేళకు చర్చి గేటు ముందు నిలిచేది. జీవరత్నం చప్పున దిగి, అటు చుట్టి వచ్చి చెయ్యి అందించేవాడు. డెబ్బై ఏళ్ళ పున్నమ్మ తెల్లచీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చెయ్యి చిన్నల్లుడి భుజం మీద వేసి దిగేది. గేటు దగ్గరున్న సంఘమంతా పక్కకు జరిగి దారి ఇచ్చేది. ఆ ఊళ్ళోనే కాపురమున్న పెద్దల్లుడు బాబూరావు కూడా, సంఘంలో ఒకడుగా, పక్కకు జరిగేవాడు.

మాచర్ల దగ్గర అతనికి నాపరాయి క్వారీ ఉంది. తట్టి చూసి, తాడుతో కొలిచి గాని దేన్నీ నమ్మే మనిషి కాడు. దయ్యాన్ని చూశామన్న వాళ్ళను ఏ ఊళ్ళో, ఏ తేదీన, ఎంత దూరం నుంచి చూశారని వరసగా అడిగి నోరు మూయించేవాడు. అటువంటివాడు తన లోపల జరుగుతున్న దాన్ని మాత్రం ఒక్క ప్రశ్నా వేయలేదు. ఆ ఇరుకు జీపులో అత్తగారికి మోకాళ్ళు పట్టేస్తున్నాయని, విశాలమైన బండి చూడటం పెద్దల్లుడిగా తన బాధ్యత అని తేల్చుకున్నాడు. అసూయ బాధ్యత పేరు పెట్టుకుని వస్తే దాన్ని గుమ్మంలో ఆపడం ఎవరి తరమూ కాదు.

"మా అమ్మ మోకాళ్ళు నీతో ఎప్పుడు మాట్లాడినాయయ్యా? నాతో ఏం చెప్పలేదే," అంది భార్య ఫిలోమినా.

"చెప్పేదాకా ఆగుతారేందే."

సెప్టెంబరులో ఒక ఆదివారం, పాస్టరు అయ్యగారి ప్రసంగం సాగుతుండగా బాబూరావు బయటికి జారుకున్నాడు. జేబులోంచి క్వారీ నూలుతాడు తీసి, జీవరత్నం జీపును ఈ కొస నుంచి ఆ కొస దాకా కొలిచి ముడి వేశాడు. అడ్డం కొలిచి ఇంకో ముడి వేస్తుండగా వెనక నుంచి మాట వినిపించింది.

"ఏంది అన్నయ్యా, నా జీపుకి చొక్కా గుట్టిస్తన్నావా?"

తోడల్లుడు జీవరత్నం గోడ నీడలో నిలబడి నవ్వుతున్నాడు. బాబూరావు తాడు చుట్టలు చుట్టాడు. "మెట్టుకి రాయి గావాలన్నావుగదా. దాని కొలత."

"రాయి మా ఇంటికి గదా. జీపుకి మెట్లెందుకు?"

ఆ నవ్వు బాబూరావు వెంట ఇంటిదాకా వచ్చింది.

తర్వాతి వారమే అతను మాచర్లలో ముర్తుజా షెడ్డుకు వెళ్ళాడు. దగ్గర్లోని ఆనకట్ట ప్రాజెక్టు పనులు ముగించుకుని పోయే కంట్రాక్టర్లు వదిలించుకున్న బండ్లు ముర్తుజా చేతిమీదుగానే చేతులు మారేవి. ఆ రోజు రెండున్నాయి. ఒకటి పొట్టి జీపు. రెండోది స్టేషన్ వ్యాగన్: అదే ముక్కు, అవే చక్రాలు, అయితే వెనక ఇనప కప్పుతో చిన్న గదిలాగా పొడుగ్గా సాగి ఉంది.

"పొట్టిది తీసుకోండి," అన్నాడు ముర్తుజా. "ఇంజను నేనే దించి చూసినా. పొగ లేదు. మీ క్వారీ మలుపులో ఇట్టే తిరుగుద్ది. ఆ పొడుగుదైతే మూడుసార్లు వెనక్కొచ్చి తిప్పాల."

బాబూరావు ఆ మాట వింటూనే వ్యాగన్ పక్కన తాడు పరిచాడు. జీవరత్నం ముడి దాటి ఇంకా రెండు మూరల మీద జానెడు బండి మిగిలింది. ఆ మిగులును చేత్తో ఒకసారి నిమిరాడు.

"ఇందులో ఎంతమంది పడతారు భాయ్?"

"కూచునేవాళ్ళ మర్యాదను బట్టి. ఆరుగురు హాయిగా. సర్దుకుంటే పదిమంది."

"నాలుగు చక్రాలూ లాగుతయ్యా?"

"వాగులో దించి చూపిస్తా. మీ తోడల్లుడిగారి బండి మాదిరి గాదు. దాని ముందు షాఫ్టు నేనే ఊడదీసి ఇచ్చినా, పెట్రోలు మిగలాలంటే. ముందు చక్రాలు ఊరకే దొర్లుతయ్ అంతే. పొడి నేలలో ఫరవాలేదు. రేగడి బురదలో మాత్రం దిగబడిపోద్ది."

బాబూరావుకు ఆ మాట చెవిలో తేనె పోసినట్టయింది. మళ్ళీ చెప్పించుకుని విన్నాడు. చంద్రవంక వాగులో దించినప్పుడు వ్యాగన్ ఇసుకను గోకుతూ, గురగురలాడుతూ అవతలి గట్టెక్కింది. తిరిగొచ్చాక అతను డ్రైవరు పక్క సీటులో కూర్చుని, తలుపు తీసుకుని మెల్లగా దిగాడు. మళ్ళీ ఎక్కి మళ్ళీ దిగాడు. పాదానికీ నేలకూ మధ్య దూరం వంగి చూశాడు.

"తోలేవాడి సీటు అటు గదయ్యా," అన్నాడు ముర్తుజా.

"తోలేవాడి సంగతి తర్వాత."

పొట్టి జీపు షెడ్డులోనే ఉండిపోయింది. క్వారీ మలుపు సంగతి బాబూరావు ఇంకెత్తలేదు.

నవంబరులో కోతల పండుగ వచ్చింది. ఆ రోజు ఊరూరి నుంచి విశ్వాసులు తమ పంటలో మొదటి పాలు తెచ్చి చర్చిలో సమర్పిస్తారు. జిల్లా అంతటి నుంచీ జనం వస్తారు. పున్నమ్మ తన బండి దిగవలసింది ఆ రోజున, ఆ గేటు ముందునే అని బాబూరావు నిశ్చయించుకున్నాడు. వారం ముందే ముప్పాళ్ళ వెళ్ళి, అత్తగారి అరుగు మీద కూర్చుని, నలుగురూ వినేట్టు చెప్పాడు. "చిన్న బండ్లలో ఇరుక్కోవాల్సిన పనేముంది అత్తా. మన దాంట్లో పదిమంది కాళ్ళు జాపుకోవచ్చు." ఆ మాట జీవరత్నం చెవిన పడాలని అతని కోరిక. పడింది. ముప్పాళ్ళలో మిగతా వాళ్ళందరి చెవినా పడింది.

పండుగకు రెండు రోజుల ముందు తుపాను వాన పట్టుకుంది. బంగాళాఖాతంలో వాయుగుండమని పేపర్లో చదివినవాడే గాని, ఆ వాన ప్రత్యేకించి జీవరత్నం మీద కురుస్తున్నట్టు బాబూరావుకు తోచింది. కిటికీ దగ్గర నిలబడి తనివితీరా చూశాడు.

ఆదివారం పొద్దున ఫిలోమినాతో కలిసి ముప్పాళ్ళ చేరేసరికి అత్తగారి వాకిట్లో సంఘపెద్ద జోసెఫ్, అతని వెనక పదకొండు మంది, గుమ్మడికాయలు, మిరపమూట, కాళ్ళు కట్టిన రెండు కోడిపుంజులు ఉన్నాయి.

"పదిమంది పడతారంటివిగదా బావా," అన్నాడు జోసెఫ్. "పన్నెండైతే పడరా ఏంది?"

బావా అని పిలిచినవాడిని బండిలో చోటుండగా దింపే ఆచారం ఆ నేలలో లేదు. అందరూ ఎక్కారు. బాబూరావు ముందు సీటును మాత్రం చేత్తో కాపలా కాశాడు. ఇంతలో జీవరత్నం జీపు వచ్చి ఆగింది. అందులో అతనూ, భార్య మేరీ, అంతే. పున్నమ్మ తెల్లచీరలో వచ్చి వ్యాగన్ వైపు చూసింది. వెనక, మిరపమూటకూ గుమ్మడికాయకూ మధ్య, నెల బిడ్డను ఒళ్ళో పెట్టుకుని సుందరి ముడుచుకుని ఉంది.

"పచ్చి బాలింతను అట్టా ఇరికిచ్చారేంది. దా అమ్మా, ముందు కూచో."

"మరి నువ్వు అత్తా?" అన్నాడు బాబూరావు.

"నాకేంది నాయనా. చిన్నోడి దాంట్లో బోలెడు చోటుంది."

జీపు ముందు నడిచింది. అందులో పున్నమ్మ తెల్లని తలను చూస్తూ బాబూరావు వెనక బండి తోలాడు. కోడిపుంజు ఒకటి అతని చెవి దగ్గరే కూసింది.

రెండు మైళ్ళు పోయాక వాగు దగ్గర రేగడి ముద్దయి ఉంది. జీపు అందులో దిగి, వెనక చక్రాలు గిర్రున తిరిగి, బురద ఎగజిమ్మి, ఇరుసుదాకా కూరుకుపోయి ఆగిపోయింది. బాబూరావు ముందు చక్రాల గేరు వేశాడు. పన్నెండు మందితో, పుంజులతో వ్యాగన్ మెల్లగా జీపును పక్కకు తప్పించుకుని అవతలి మెరకెక్కింది. అంత సంతోషం అతనికి పెళ్ళినాడు కూడా కలగలేదు. తోడల్లుడు బురదలో నిలబడి ఉన్నాడు. అలాగే వదిలిపెడితే ఎద్దులు వచ్చేసరికి పండుగ అయిపోతుంది. అత్తగారిని మాత్రం తీసుకుపోతే చాలు.

అతను వెనక్కి నడిచి వచ్చాడు. "రా అత్తా. సుందరి కాస్త జరుగుద్ది."

పున్నమ్మ బురదను చూసింది, చీరను చూసుకుంది. "ఇందులో కాలు పెట్టమంటావా? నే దిగను. నీది గట్టి బండి, తాడేసి లాగు నాయనా."

లాగాడు. నాలుగు చక్రాలూ లాగాయి. గట్టినేలకు చేరాక జీపు ఇంజను ఎంతకీ అందుకోలేదు. బాబూరావు మళ్ళీ అడిగాడు.

"ఇప్పుడు బురద లేదుగా అత్తా. ఇటు రా."

"మళ్ళా దిగడం, మళ్ళా ఎక్కడం. వాడి మొహం చూడు, ఎంత చిన్నబోయాడో. కాసేపు తోడుంటాలే."

ఆ విధంగా బాబూరావు, తన బండితో పాటు తోడల్లుడి బండినీ, అందులో కబుర్లు చెప్పుకుంటున్న అత్తగారినీ నరసరావుపేట దాకా ఈడ్చుకొచ్చాడు. చర్చి ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. గేటుకు ఎదురుగా వ్యాగన్ ఆపాడు. రెండు బండ్లను లాక్కొచ్చిన మనిషిని చూడటానికి నలుగురూ ముందుకు వస్తున్నారు.

ఫిలోమినా వెనక్కి తిరిగి చూసింది. "ఇంకో మూడు బారలు పోనీయయ్యా. అమ్మ ముందర నీళ్ళగుంట ఉంది."

బాబూరావు స్టీరింగు మీద చేతులు వేసుకుని కూర్చున్నాడు. ఆగినా తప్పు పట్టేవాళ్ళు లేరు. గుంటను తప్పించి నడిపిస్తే అత్తగారు తన బండి పక్క నుంచే లోపలికి పోవాలి. అందరూ చూస్తారు. తెల్లచీర అంచు గుర్తొచ్చి, గేరు వేసి, బండిని ముందుకు పోనిచ్చాడు. జీపు సరిగ్గా గేటు ముందుకు వచ్చి ఆగింది. వ్యాగన్ గేటు దాటిపోయి ప్రహరీగోడ మలుపు దగ్గర నిలిచింది. అక్కడ ఎవరూ లేరు.

అద్దంలో జీవరత్నం చెయ్యి అందించడం కనిపించింది. సంఘం దారి ఇచ్చింది.

"బావా, వెనక తలుపు తియ్యి," అన్నాడు జోసెఫ్. "పుంజులకి ఊపిరాడట్లేదు."