మూయని తలుపు

మృదుల అమెరికాలోని ట్రాయ్‌లో, కార్ల బ్రేకులకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో మూడేళ్లుగా పనిచేస్తోంది. ఆమె మేనేజర్ ఎఫ్రాయిమ్ ఆచారాలు గట్టిగా పాటించే యూదుడు. భార్యో, తల్లో, కూతురో కాని ఆడమనిషితో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదన్నది వాళ్ల ధర్మం. అందుకే మృదుల వెళ్లినప్పుడల్లా అతని గది తలుపు బార్లా తెరిచి ఉండేది. మగవాళ్లు వెళితే మూసుకునేది. ఇన్నాళ్లూ ఆమె అదేమీ పట్టించుకోలేదు.

గురువారం ఆమెకు గర్భం పోయింది. పదకొండో వారం. భర్త తేజేశ్వర్‌కి తప్ప ఎవరికీ తెలియదు. సోమవారం నీరసంగానే ఆఫీసుకు వచ్చింది. రెండు వారాలు సెలవు కావాలి. మెయిల్ రాద్దామని కూర్చుంది గానీ, ఆ మాట టైప్ చేయడానికి చేయి రాలేదు. లేచి ఎఫ్రాయిమ్ గదికి వెళ్లి సెలవు అడిగింది.

"సాఫ్ట్‌వేర్ రిలీజ్‌కి పదిరోజులే ఉంది! ఏమైంది?" అన్నాడతను.

"పర్సనల్."

"పైవాళ్లు అడిగితే నేనేం చెప్పాలి మృదులా?"

తలుపు బయట నాలుగడుగుల దూరంలో హర్షిత్ కూర్చుంటాడు. అతని కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. హర్షిత్ చెవిన పడిందంటే సాయంత్రానికి ఊళ్లోని తెలుగువాళ్లందరికీ తెలుస్తుంది. చెప్పకపోతే సెలవు లేదు. ఆమె గ్రీన్‌కార్డు కాగితాలు కదలాలన్నా ఈ మనిషే సంతకం పెట్టాలి.

"ఒక్క ఐదు నిమిషాలు తలుపు వేస్తారా?" అంది గొంతు తగ్గించి.

ఎఫ్రాయిమ్ ముఖం ఎర్రబడింది. "వేయలేను. నీ మీద అనుమానంతో కాదు. మా నియమం."

"హర్షిత్ వస్తే వేస్తారు."

అతను లేచాడు. "కాన్ఫరెన్స్ రూమ్‌కి వెళ్దాం. గోడలన్నీ అద్దాలే. అందరికీ కనిపిస్తాం, మాట మాత్రం వినిపించదు. అలాగైతే తలుపు వేసుకోవచ్చు."

ఇది మూడేళ్లలో ఇతనికి ఒక్కసారీ తట్టలేదా అనుకుంది మృదుల.

అద్దాల అవతల ఇరవైమంది. ఆమె రెండే వాక్యాల్లో చెప్పింది. కన్నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకుంటే అందరూ చూస్తారని తుడుచుకోలేదు. ఎఫ్రాయిమ్ టిష్యూల పెట్టెను బల్ల మీదుగా ఆమె వైపు జరిపాడు.

"ఈరోజే వెళ్లు. కారణం ఎవరికీ చెప్పను," అన్నాడు. "నా నియమం నేను పాటించాలి. దానివల్ల నీకు ఇబ్బంది రాకుండా చూడాల్సిందీ నేనే. చూడలేదు."

మృదుల తల ఊపింది. బ్యాగు తీసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా అన్ని డెస్కులూ దాటి కారు చేరేసరికి ఫోన్ మోగింది. తేజేశ్వర్.

"నిన్ను లేఆఫ్ చేశారా ఏంటి? అద్దాల రూమ్‌లో ఏడుస్తున్నావట. హర్షిత్ వాళ్లావిడ ఇప్పుడే కాల్ చేసి కంగారు పడుతోంది."

"లేదు. లీవ్ ఇచ్చాడు."

"హమ్మయ్య. మరి ఆవిడకేం చెప్పను?"

"ఒంట్లో బాలేదని చెప్పు."

"ఏం బాలేదని ఆవిడ అడిగితే?"

మృదుల స్టీరింగ్ మీద తల ఆనించింది. అవతల తేజేశ్వర్ జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు.