ఇరవైకి పద్దెనిమిది

ముందు వాసన వస్తుంది.

వేడెక్కుతున్న గాజు మీద పలచటి దుమ్ము కాలే వాసన. ఆ వెనకే వాల్వు లోపలి తీగ మెల్లగా ఎర్రబడుతుంది. అరనిమిషం ఆగాలి.

అప్పుడు గానీ పాట రాదు.

ఆ అరనిమిషం కోసమే అతను బతుకుతున్నాడని తెలిసినవాళ్లు అనేవారు. అతనూ అలాగే అనుకునేవాడు.

ఇంటి వెనక గది. ఒక బల్ల, రెండు కుర్చీలు. టంకం పొగకు నల్లబడ్డ గోడ. అక్కడ అతను యాంప్లిఫయర్లు కట్టేవాడు. పాతకాలపు రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులతో, చేత్తో, ఒక్కొక్క తీగా అతికించి. రెండు నెలలకు ఒకటి. ఒక్కోసారి అదీ కాదు.

వాల్వే దానికి ప్రాణం అంటారు.

కాదు.

ప్రాణం వెనకవైపు నల్ల డబ్బాలో ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్. వెంట్రుకంత రాగితీగ — రెండువేల ఎనిమిది వందల చుట్లు. పొరకీ పొరకీ మధ్య పసుపు కాగితం. తీగ తెగిందా, మళ్లీ మొదటికి రావాలి.

ఆ చుట్లు చుట్టేది అతను కాదు. అతని భార్య.

రెండో కుర్చీ ఆమెది. పెదవులు కదులుతుండగా లెక్కపెడుతూ చుట్టేది. పొయ్యి మీద పాలు పొంగినా లేచేది కాదు. ఎవరైనా పిలిస్తే ఎడమచేయి ఎత్తేది — ఆగండి, పదిహేడు వందల నలభైలో ఉన్నాను అని. ఇరవై రెండేళ్లు. కుడి చూపుడువేలి మీద తీగ కోసిన సన్నటి గీతలు, గీత మీద గీత.

ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు.

*

అమ్మేది ఆమె అన్న. అతనికి బావ.

బావకు ఊరి నడిబొడ్డున షోరూమ్ ఉంది. అడుగు పెడితే చల్లదనం, కూర్చుంటే లేవబుద్ధికాని సోఫా, గోడలకు మెత్తటి గుడ్డ. బావకు అక్కడ ఒక పేరుంది — బంగారు చెవి. ఎవరు పెట్టారో తెలియదు. తనే పెట్టుకున్నాడని అతని అనుమానం.

"ఈ వాల్వులు సముద్రంలో మునిగిన ఓడలో దొరికాయండీ," అనేవాడు బావ కొనడానికి వచ్చినవాళ్లతో. "ఈ స్పీకరు తీగ ఉంది చూశారూ, ఆరు నెలలు మంచులో పడుకోబెట్టారు. ఈ రాయి పెట్టె కింద పెట్టండి. గొంతులో గరగర పోకపోతే నా చెవి కోయించుకుంటాను."

వాళ్లు తలలూపేవారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

"చుట్లన్నీ మా బావే చుడతాడు. మౌనంగా. పొద్దున్నే. ఇంకొకరి చెయ్యి పడనివ్వడు."

ఒకసారి ఆ మాట అన్నప్పుడు ఆమె అక్కడే ఉంది, కొత్త పెట్టెను గుడ్డతో తుడుస్తూ. తుడవడం ఆపలేదు.

ఇంటికి వెళ్లే దారిలో అతను అన్నాడు, "మీ అన్నయ్య నోటికి అడ్డూ ఆపూ లేదు."

"మీరైనా కాదనలేదుగా," అంది ఆమె.

నిజమే. కాదనలేదు.

బావ కథలంటే అతనికి ఒళ్లు మంట. ఓడలు, మంచు, రాళ్లు — జనం చెవిలో పువ్వులు. తన పని మాత్రం నిజం అనుకునేవాడు. తన పెట్టెలోంచి వచ్చే గొంతు వేరు. అందులో ఊపిరి ఉంటుంది. తనకు వినిపిస్తుంది. ఎంత దూరం నుంచైనా, కళ్లు మూసుకున్నా...

కళ్లు మూసుకున్నా.

*

ఒక ఆదివారం ఉదయం షోరూమ్‌కి ఒక పెద్దావిడ వచ్చింది. రిటైరైన చెవుల డాక్టరు. మంచులో పడుకున్న తీగ కథ ఆసాంతం విని, కళ్లజోడు తీసి, పకపకా నవ్వింది.

"పరదా కట్టి విందామా బాబూ? అటు మీ తీగ, ఇటు మామూలు కరెంటు తీగ. ఇరవైసార్లు. ఏది ఏదో చెప్పండి చాలు."

బావ ముఖం పాలిపోయింది. అతని గుండె ఎగిరి గంతేసింది.

"విందాం," అన్నాడు అతనే, అందరికంటే ముందు.

కిటికీ తెర విప్పి అడ్డంగా కట్టారు. డాక్టరమ్మ తన దగ్గరున్న మీటరుతో రెండువైపులా చప్పుడు సమానం చేసింది. వెనక నిలబడి బొమ్మో బొరుసో వేసి, దాన్నిబట్టి మీట మార్చి, కాగితం మీద రాసేందుకు ఒకరు కావాలి.

"ఏది మోగుతోందో నాక్కూడా తెలియకూడదు. నా ముఖం చూసి పట్టేస్తారు. లెక్క తప్పని మనిషి కావాలి."

అన్నా, భర్తా ఒకేసారి ఆమె వైపు చూశారు.

ఆమె పరదా వెనక్కి వెళ్లింది.

బావ కూర్చున్నాడు. తల వంచాడు, గడ్డం నిమిరాడు, ఇరవైసార్లు జవాబు చెప్పాడు. ఆమె లోపలి నుంచి చదివింది —

"పది."

"అంటే నాణెం ఎగరేసినా అంతే," అంది డాక్టరమ్మ.

అతను నవ్వాడు. చాలా గట్టిగా నవ్వాడు. అన్నేళ్ల మంట ఆ నవ్వులో చల్లారింది. షోరూమ్‌లో ఉన్న నలుగురైదుగురూ నవ్వారు.

బావ లేచాడు. సోఫా మీద చేత్తో దులిపాడు.

"ఇప్పుడు నువ్వు కూర్చో బావా. ఇటు నీ పెట్టె. అటు ఆ మూల ఉన్న చిన్న యాంప్లిఫయర్ డబ్బా — బజారులో దొరికే రకం. తీగ నాదే ఉంచుదాం."

అతను కూర్చున్నాడు. భయం లేదు. కన్నబిడ్డ గొంతు ఎవరికి తెలియదు?

పాట మొదలైంది. ఒక ఆడగొంతు, ఒక వీణ.

"నాది." "కాదు." "కాదు." "నాది."

పదమూడోసారి ఆ గొంతు అతని పక్కనే కూర్చున్నట్టు పలికింది. పెదవులు విడివడే తడి కూడా వినిపించింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాది," అన్నాడు. "ఇది నాదే."

ఇరవై అయ్యాయి. పరదా వెనక నిశ్శబ్దం. పాట ఆగిన తర్వాత ఉండే నిశ్శబ్దం కంటే కొంచెం ఎక్కువ.

"పద్దెనిమిది."

డాక్టరమ్మ కళ్లజోడు పెట్టుకుంది. "ఆశ్చర్యమే," అంది.

ముందుగా చప్పట్లు కొట్టింది బావే. ఓడిన మనిషిలా లేడు. అప్పటికే కథ కట్టేస్తున్నాడు.

*

వారం తిరగకుండానే అది ఊరంతా పాకింది. కళ్లు మూసుకుని తన పెట్టెను గుర్తుపట్టిన మనిషి. ఇరవైకి పద్దెనిమిది. అది కూడా ఆ మంచు తీగ పెట్టాకే!

బావ ఫోన్ చేశాడు. "ఆ కాగితం పంపించు. అద్దం కట్టించి షోరూమ్‌లో పెడతా."

అతను భార్యను అడిగాడు. "ఎక్కడో పెట్టాను, వెతికి ఇస్తా," అంది.

మధ్యాహ్నం అతను గదిలోకి వచ్చేసరికి ఆమె బల్ల ముందు కూర్చుని ఉంది. ఎదురుగా రెండు పసుపు కాగితాలు. ఒకటి నలిగినది. ఒకటి కొత్తది. నలిగినదాన్ని చూస్తూ కొత్తదానిలో రాస్తోంది. అక్కడక్కడ మారుస్తూ.

ఆమె దాచలేదు. పెన్ను కింద పెట్టింది.

అతను నలిగిన కాగితం తీసుకున్నాడు. వరసలో వేలు పెట్టి ఒప్పులు లెక్కపెట్టాడు. ఒకసారి. మళ్లీ ఒకసారి.

తొమ్మిది.

పదమూడో వరసకి వెళ్లాడు. ఆ వరసలో ఆమె గుండ్రటి అక్షరాలు — డబ్బా.

కాగితం బల్ల మీద పెట్టాడు.

"నా పరువు కోసమా?" అన్నాడు.

"కాదండీ."

"మరి?"

ఆమె తన కుడిచేయి బల్ల మీద పెట్టింది. అరచేయి పైకి.

"తొమ్మిది అని చదవబోయాను. నోటిదాకా వచ్చింది. తొమ్మిదంటే... మీ చెవి సంగతి తర్వాత. నేను చుట్టినదానికీ, బజారు డబ్బాకీ తేడా లేదనేగా. ఇరవై రెండేళ్లు నేనేం చుట్టినట్టు?"

అతను ఆ చూపుడువేలి మీది గీతలు చూశాడు.

"అన్నయ్యకు ఉన్నదున్నట్టు చదివాను. నాదగ్గరికి వచ్చేసరికి చదవలేకపోయాను. మీకోసం అనుకుంటే అనుకోండి. అబద్ధం మాత్రం నాకోసం ఆడాను."

"ఇంకోసారి విందాం," అన్నాడు అతను. "ఇక్కడే. నువ్వు మీట మార్చు. ఆ రోజు సోఫా... ఆ గది గోడలు..."

తన నోట్లోంచి బావ మాటలు వస్తున్నాయని అతనికి తెలిసింది. ఆగిపోయాడు.

"వద్దు," అంది ఆమె.

కొత్త కాగితం పూర్తిచేసింది. మడతపెట్టకుండా అతని చేతికిచ్చింది.

చింపేయొచ్చు. డాక్టరమ్మకు ఫోన్ చేయొచ్చు. ఒక్క మాట — తొమ్మిది. ఊరు రెండు రోజులు నవ్వి మరిచిపోతుంది.

అతను చెప్పులేసుకున్నాడు. కాగితం తీసుకెళ్లి బావ చేతిలో పెట్టాడు. బావ దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. కొత్త కాగితం. తాజా సిరా. ఒక్క క్షణం అతని కళ్లలోకి చూశాడు.

"మా చెల్లి లెక్క తప్పదు బావా," అన్నాడు.

*

ఇప్పుడు పని ఎక్కువైంది. ఆమె చుడుతూనే ఉంది. పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆ లెక్క వినిపించినప్పుడల్లా అతను టంకం ఇనుము పక్కన పెట్టి బయటికి వెళ్లి నిలబడతాడు. ఆమెకూ తెలుసు. చుట్టడం ఆపదు.

నిన్న సాయంత్రం దంపతులెవరో ఇంటికే వచ్చారు. చాలా దూరం నుంచి. పెట్టెను ఒక నిమిషం విన్నారు. బాగుందన్నారు. ఆ తర్వాత ఆ వచ్చినాయన కొంచెం సిగ్గుపడుతూ ముందుకు వంగాడు.

"ఏమీ అనుకోకండి సార్. మీ చెవి... ఒక్కసారి దగ్గర్నుంచి చూడొచ్చా?"

రెండో కుర్చీలో ఆమె పెదవులు ఆగాయి.

అతను తల పక్కకు తిప్పాడు.

ఆ మనిషి ఊపిరి వెచ్చగా తగిలింది. చెవి మెల్లగా ఎర్రబడింది.

"ఇంకొంచెం ఇటు," అన్నాడు ఆ మనిషి.

అతను ఇంకొంచెం తిప్పాడు...