లిఫ్టు ఆగిన పూట

“పక్క దేశం అప్పు తీర్చలేనని చేతులెత్తేసిందట కదా సార్. అది మనదాకా వస్తుందంటారా?”

అప్పుల శాఖ గుమాస్తా జవాబివ్వలేదు. లిఫ్టులో ఓ మూలకు ఒదిగి తన బూట్ల వంకే చూస్తూ నిలబడ్డాడు. పలకలేదంటే ఏదో ఉందన్నమాటే అనుకుంది లిఫ్టమ్మ. ఆ ప్రభుత్వ భవనంలో అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. పొట్టి మనిషి, వాచిన మోకాళ్ళు, లిఫ్టు నడిపే మీట తిప్పీ తిప్పీ కాయ కాసిన కుడి అరచెయ్యి. ఆ చెక్క స్టూలు మీద కూర్చునే కూతుర్ని నర్సు చదువుదాకా లాక్కొచ్చింది. ఇంకొక్క ఏడాది ఈ ఉద్యోగం నిలిస్తే పిల్ల ఒడ్డున పడుతుంది.

పై అంతస్తులో గుమాస్తా దిగాడు. మడత తలుపు కీచుమంది. ఇద్దరు అధికారులు ఎక్కి, ఆమె వీపు వెనక గుసగుసలాడుకున్నారు. పక్క దేశానికి అప్పిచ్చి మునిగిన విదేశీయులే ఈ ప్రభుత్వానికీ అప్పిచ్చారు. అక్కడ చేతులు కాల్చుకున్నవాళ్ళు ఇక్కడ పొగ వెతకడానికి మధ్యాహ్నం వస్తున్నారు.

“నవ్వుతూ ఉండాలి,” అన్నాడొకడు.

“మరీ నవ్వకు నాయనా, అనుమానిస్తారు,” అన్నాడు రెండోవాడు.

లిఫ్టమ్మ కీచుమన్న తలుపు వంక చూసింది. ఆ పెద్దమనుషులు లోపలుండగా ఈ తలుపు బిగుసుకుపోతే? మామూలుగా దానికి నూనె పెట్టేది సెలవు రోజున. కానీ ఇవాళే మొరాయిస్తే తన గతేంటి? స్విచ్చి ఆపి, ‘లిఫ్టు ఆగింది’ అన్న అట్ట తగిలించి, నూనె డబ్బాతో మోకాళ్ళ మీద కూలబడింది.

అప్పిచ్చిన ఆ విదేశీ అతిథులు చెప్పిన వేళకు ముందే దిగబడ్డారు. చెప్పకుండా వెళితేనే అసలు రంగు బయటపడుతుందని వాళ్ళ ఎత్తు.

“అయిపోయింది బాబూ, ఒక్క నిమిషం,” అంటూ ఆమె నూనె చేతులు ఊపింది. వాళ్ళకు ఆ భాష రాదు. ఒకాయన అట్టను ఫొటో తీసుకున్నాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని, రొప్పుతూ మెట్లెక్కారు.

సాయంత్రం క్యాంటీన్ టీవీ నిండా ఆ అట్టే. కరెంటు బిల్లుకూ గతిలేని ప్రభుత్వమట! కొత్త అప్పుకు వడ్డీ పెంచేశారు. అంతటితో ఆగలేదు. మరో సరిహద్దుకు అవతలున్న మూడో దేశం అప్పు పత్రాలనూ భయంతో అయినకాడికి అమ్ముకుంటున్నారట. పాపం, అక్కడ ఏ లిఫ్టూ ఆగలేదు.

భవనం మేనేజరు ఆమెను పిలిపించాడు.

“ఎవరు ఆపమన్నారు? నిజం చెప్పు, నీ చేత ఎవరు చేయించారు?”

“నూనె పెట్టాను సార్. భయమేసి...”

“ఇవాళే గుర్తొచ్చిందా నూనె?”

నిజమే అయినా, తన మాట నమ్మేలా లేదని ఆమెకే అనిపించింది. రేపట్నుంచి రావద్దన్నాడు.

గుమాస్తాను దించడానికి ఆఖరిసారి మీట తిప్పింది. కూతురికి ఏమని చెప్పాలి? లిఫ్టు కిందికి చేరింది. తాళంచెవి అతని చేతిలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని గుమ్మందాకా నడిచింది.

“పొద్దున అడిగావే అమ్మా...” అన్నాడు వెనకనుంచి. ఆమె ఆగింది. “మనదాకా వస్తుందని నాకు అప్పుడే తెలుసు. చెబితే నువ్వు భయపడతావని చెప్పలేదు.”

ఆమె వెళ్ళిపోయాక అతను మడత తలుపు లాగాడు. చప్పుడే లేదు. లోపల ఖాళీ స్టూలు, దాని కింద మూత పెట్టని నూనె డబ్బా.