నీ వంతు వస్తుంది

డాలస్ దగ్గరి ఒక యూనివర్సిటీలో దమయంతి సైకాలజీ ప్రొఫెసర్. ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఒత్తిడికి కుంగిపోతుంటే బిహేవియర్ థెరపీతో వాళ్లని ఎలా నిలబెట్టవచ్చన్నది ఆమె పరిశోధన. ఆమె ఉద్యోగం పర్మనెంట్ కావడం దానిమీదే ఆధారపడి ఉంది.

చేరిన విద్యార్థుల్ని చీటీలు తీసినట్టు రెండు గుంపులుగా విడదీసింది. మొదటి గుంపుకి వెంటనే థెరపీ. రెండో గుంపు ఒక సెమిస్టర్ ఆగాలి. అప్పటిదాకా వాళ్ల పనల్లా అప్పుడప్పుడూ వచ్చి ప్రశ్నలకు జవాబులివ్వడమే. రెండు గుంపుల జవాబులూ పోల్చితేనే థెరపీ పనిచేసిందో లేదో తేలుతుంది.

నిశాంత్ రెండో గుంపులో పడ్డాడు.

వరంగల్ కుర్రాడు. చిప్ డిజైన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. మొదటిసారి ఇస్త్రీ చొక్కాతో వచ్చి "మేడమ్" అన్నాడు. రెండోసారి అదే చొక్కా నలిగిపోయి ఉంది. దమయంతి ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని, "మీరు మనోళ్లేనా అక్కా?" అంటూ కుర్చీలో కూలబడ్డాడు.

"ల్యాబ్ బిల్డింగ్ కనబడితే చాలు, ఆడ్నే ఆగిపోతున్నక్కా. పార్కింగ్‌లనే కార్‌ల కూసుంటున్న. లోపలికి పోబుద్ధి కాదు, రూమ్‌కి పోబుద్ధి కాదు."

ఏం చెప్పాలో దమయంతికి తెలుసు. మొదటి గుంపులో ఇషా అనే అమ్మాయిదీ ఇదే బాధ. మొదటిరోజు ఆమెని ల్యాబ్ మెట్లదాకా నడిపించి వెనక్కి పంపేసింది. మర్నాడు తలుపుదాకా. ఆ తర్వాత లోపల కాసేపు. ఇప్పుడు ఇషా ల్యాబ్‌లో నవ్వుతూ తిరుగుతోంది. ఆ ఒక్క ఉపాయం నిశాంత్‌కి చెప్పడం పెద్ద పనేం కాదు. కానీ చెబితే రెండో గుంపుతో పోలిక చెడిపోతుంది.

"నీ వంతు వస్తుంది. ఇప్పుడు ఈ ప్రశ్నలు పూర్తి చెయ్యి," అంది.

అక్టోబర్‌లో నిశాంత్ చెప్పకుండానే వచ్చాడు. గడ్డం పెరిగింది. చాలా రోజుల తర్వాత అతని గొంతులో కాస్త హుషారు వినిపించింది.

"రష్మి మేడమ్ అని ఈ పక్క ప్లానో ఊర్ల థెరపిస్ట్ ఉన్నదంట. స్టూడెంట్స్‌ని ఫ్రీగ చూస్తదంట. గురువారం రమ్మన్నది. పోవచ్చా అక్కా?"

రష్మి ఎంత మంచి థెరపిస్టో దమయంతికి తెలుసు. "వెళ్లు" అనడానికి నోరు తెరిచింది కూడా. కానీ ఇంతవరకూ ఆమె స్టడీ నుంచి ఒక్కరూ తప్పుకోలేదు. పరిశోధనకి అదే పెద్ద బలం.

"నీ ఇష్టం నాన్నా," అంది. "కానీ బయట ట్రీట్‌మెంట్ స్టార్ట్ చేస్తే ఇక్కడ నీ ప్లేస్ పోతుంది. రష్మి దగ్గరికి అందరూ వెళ్తారు, మొగుడూ పెళ్లాల గొడవలు కూడా ఆవిడే చూస్తుంది. ఇది మీ ఇంజనీరింగ్ పిల్లల కోసమే డిజైన్ చేసింది. ఇన్నాళ్లు ఆగావు, ఇంకొన్నాళ్లు ఆగలేవూ?"

"మీరు ఆగుమంటే ఆగుత."

"నేను ఆగమనట్లేదు. నువ్వే డిసైడ్ చేసుకో."

నిశాంత్ ఆమె ఎదురుగానే రష్మికి రానని మెసేజ్ పెట్టాడు. మంచి పని చేశానా అన్నట్టు ఆమె మొహంలోకి చూశాడు. ఆమె నవ్వింది.

ఆ తర్వాత అతను క్లాసులకి వెళ్లడం మానేశాడు. పరీక్షలో పేపర్ మీద పేరు రాసి లేచి వచ్చేశాడు. డిసెంబర్‌లో యూనివర్సిటీ అతని అడ్మిషన్ రద్దు చేసింది. దానితో స్టూడెంట్ వీసా కూడా చెల్లకుండా పోయింది.

జనవరిలో రెండో గుంపు వంతు రాగానే దమయంతి ఫోన్ చేసింది.

"ఎయిర్‌పోర్ట్‌ల ఉన్నక్కా," అన్నాడు నిశాంత్. "ఇంటికి పోతున్న. మా బాపుకి ఇంక చెప్పలే."

"అయ్యో," అంది. ఆ మాట నిజంగానే లోపలి నుంచి వచ్చింది. ఫైలు తెరిచి, "ఫ్లైట్‌కి టైముందా? లాస్ట్ సెట్ ప్రశ్నలు ఉండిపోయాయి. ఫోన్‌లోనే చేసేద్దామా?" అని అడిగింది.

అతను కాదనలేదు. ఒక్కొక్కటే చదివింది.

"చదువు మీద ఆశ ఉందా? అస్సలు లేదు, కొంచెం ఉంది, చాలా ఉంది."

"అస్సలు లేదు."

"నీ గురించి పట్టించుకునేవాళ్లు ఇక్కడ ఉన్నారనిపిస్తోందా?"

అవతల ఏదో అనౌన్స్‌మెంట్ వినిపించింది.

"మీరున్నరు గద అక్కా. కొంచెం అని రాయున్రి."

ఆమె "కొంచెం" అనే రాసుకుంది. లెక్కల విషయంలో ఆమె ఎప్పుడూ అబద్ధమాడలేదు.

వసంతంలో చికాగోలో సదస్సు జరిగింది. రెండు గుంపుల మధ్య తేడా తెరమీద చూసి హాలంతా చప్పట్లు కొట్టింది. ఒక పెద్దాయన లేచి, థెరపీ లేకుండా అన్నాళ్లు ఆగిన పిల్లల్లో ఎవరూ మధ్యలో తప్పుకోలేదా అని అడిగాడు.

"ఒక్కరు కూడా తప్పుకోలేదు," అంది దమయంతి. "వాళ్లకి నామీద అంత నమ్మకం."

భోజనాల దగ్గర ఫోన్ తీస్తే నిశాంత్ మెసేజ్ ఉంది. 'అక్కా, రూమ్ తలుపు తీసి బయటికి రాబుద్ధి అయితలేదు. ఇంట్ల ఎవరితోని మాట్లాడుతలేను. ఫోన్‌ల థెరపీ చేస్తరా?'

నిలబడే జవాబు కొట్టింది. 'సారీ నాన్నా. క్యాంపస్‌లో ఉన్నవాళ్లకే పర్మిషన్ ఉంది. అక్కడ మంచి డాక్టర్‌ని చూడు. టేక్ కేర్.'

ఎవరో అభినందించడానికి చెయ్యి చాచారు. ఆమె ఫోన్ బ్యాగులో వేసుకుని వాళ్లవైపు తిరిగింది.